ఇంకో పది కార్లు పట్టించాలని చూస్తే

వాణిజ్య భవనానికి ప్లాన్ గీసేటప్పుడు పార్కింగ్ గురించి ముందుగా వచ్చే ప్రశ్న, ఎన్ని కార్లు పడతాయని. లెక్క తేలాక రెండో ప్రశ్న వస్తుంది: ఇంకో పది ఇరికించలేమా? చాలా పార్కింగ్‌లు ఆ పది కార్ల దగ్గరే పాడవుతున్నాయని నా అభిప్రాయం.

ఒక కారుకు గీసే గడి సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటుంది. అంటే 12.5 చదరపు మీటర్లు. దారులూ మలుపులూ కలుపుకుంటే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. సగం స్థలం బండి కదలడానికే పోతుందన్నమాట. అందుకే గడులు పెంచాలనుకున్నప్పుడు మొదటి కోత దారికి పడుతుంది. గడులు దారికి 90 డిగ్రీల్లో ఉండి, దారిలో రెండు వైపులా బండ్లు తిరుగుతుంటే కనీసం 6 మీటర్ల వెడల్పు కావాలి, 7 ఉంటే ఇబ్బందే ఉండదు. దాన్ని 5కి కుదిస్తే చాలా కార్లు ఒక్క మలుపులో గడిలోకి వెళ్లలేవు. రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి, ఈలోగా వెనకొచ్చినవాళ్లు ఆగిపోవాలి. స్థలం నిజంగా ఇరుకైతే గడుల్ని 60 డిగ్రీలకు వాల్చి దారిని వన్‌వే చేయడం నయం. నాలుగు గడులు తగ్గినా పర్వాలేదు.

గేటుదీ ఇదే కథ. టికెట్ ఇచ్చే బారియర్‌ను రోడ్డు అంచున పెడితే మూడో కారుకల్లా రోడ్డు మీద క్యూ కడుతుంది. ఆగే ఒక్కో కారుకు 6 మీటర్ల చొప్పున లెక్కేసి బారియర్‌ను లోపలికి జరపాలి. గేటును ఆనుకుని గడులు అసలే వద్దు. అక్కడ ఒక్క కారు రివర్స్ చేస్తే లోపలికి వచ్చేవాళ్లందరూ ఆగాల్సిందే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రం నడిచేవాళ్ల సంగతి. కారు దిగిన క్షణం నుంచి ప్రతివాళ్లూ పాదచారులే, కానీ డ్రాయింగ్‌లో వాళ్లకు దారి ఉండదు. గడుల వరుసలు భవనానికి అడ్డంగా ఉంటే, మనుషులు ఆగి ఉన్న కార్ల సందుల్లోంచి దూరి ఒక్కో దారీ దాటాలి. పెద్ద కార్ల మధ్య నుంచి బయటికి వచ్చే పిల్లాడు రివర్స్ చేసే డ్రైవర్‌కు కనపడడు. వరుసల్ని ద్వారం వైపు సాగేలా తిప్పి, మధ్యలో కాస్త ఎత్తుగా నడకదారి వేస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. వీల్‌చైర్ వాడేవాళ్ల గడిని మిగిలిన మూలలో గీసేయడం అన్యాయం. అది ద్వారానికి అన్నిటికంటే దగ్గరగా ఉండాలి, పక్కన దాదాపు మీటరున్నర ఖాళీ ఉండాలి, నేల వాలు 2 శాతం దాటకూడదు. వాలు ఎక్కువైతే మనిషి ఎక్కేలోపే కుర్చీ జారిపోతుంది.

ఇక నీళ్లు. వంద కార్ల పార్కింగ్ సుమారు 3,000 చదరపు మీటర్లు. దానిమీద 50 మిల్లీమీటర్ల వాన పడితే లక్షన్నర లీటర్లు. తారు నేల అందులో దాదాపు ఏమీ పీల్చుకోదు. ఒకటి రెండు శాతం వాలు ఇచ్చి నీటిని ఎటో ఒకవైపు నడిపించాలి. అది తారు కిందికి దిగితే పునాది మెత్తబడి గుంతలు పడతాయి. చెట్ల పాదుల్ని గట్టులా పైకి లేపకుండా నేల మట్టానికి కిందకు ఉంచి, అంచు రాళ్ల మధ్య సందులు వదిలితే కొంత నీళ్లు అక్కడే ఇంకుతాయి, చెట్లు కార్లకు నీడనిస్తాయి. ఆ పది గడుల కోసం ముందుగా తీసేసేది ఈ పాదుల్నే.

కార్లకు చోటు నిజంగా చాలకపోతే వేరే మార్గం ఉంది. ఆఫీసు రద్దీ పగలు, సినిమా హాలు రద్దీ సాయంత్రం. రెండూ ఒకే సైట్లో ఉంటే రెండిటి అవసరాన్నీ కూడి గడులు గీయక్కర్లేదు, గంటగంటకూ లెక్క వేసి గరిష్ఠం ఎక్కడుందో చూస్తే చాలు. చార్జింగ్ పాయింట్లు తర్వాత పెట్టుకున్నా, వాటి కేబుళ్లకు పైపులు మాత్రం తారు వేయకముందే పాతాలి.

ప్లాన్ ఖరారు చేసే ముందు ఖాళీ స్థలంలో ఒక వరుసను అసలు కొలతలతో సున్నంతో గీయించండి. రెండు పక్కలా కార్లు పెట్టించి, మధ్య గడిలోకి ఒక పెద్ద కారును తెప్పించి, వెనక తలుపు తెరిచి చంటిబిడ్డను ఎత్తుకుని దిగమనండి. ఎన్ని సెంటీమీటర్లు తక్కువయ్యాయో అక్కడే తెలిసిపోతుంది.