బస్తీ క్లినిక్‌లో రిజిస్టర్ రాసేవాళ్లు కావాలి

ఉచిత వైద్య శిబిరం అనగానే మనకు గుర్తొచ్చేది షామియానా, ఫ్లెక్సీ, మైకు, సిటీ నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లు, మధ్యాహ్నం దాకా క్యూ. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, పది రోజులకు సరిపడా గోళీలు చేతిలో పెడతారు. సాయంత్రానికి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. పదకొండో రోజు ఆ మనిషి ఏం మింగాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు. హైదరాబాద్‌లో ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పూట నడిచే ఉచిత క్లినిక్‌లో నేను వలంటీరుగా పనిచేస్తున్నాను. ఉచితంగా వచ్చి చూసే డాక్టర్లు ఎలాగోలా దొరుకుతున్నారు. దొరకనిదల్లా ప్రతినెలా వచ్చి అదే రిజిస్టర్ తెరిచి కూర్చునే మామూలు మనుషులే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్లు, బీపీ ఉన్నవాళ్లు 31.5 కోట్లు. ఇవి ఒకసారి చూపించుకుంటే పోయే జబ్బులు కావు, చాలామందికి జీవితాంతం మందులు పడాల్సిందే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ లాంటి మందులు జనరిక్‌లో ఖరీదైనవేమీ కావు, 2018 నుంచి హైదరాబాద్‌లో ప్రభుత్వం నడిపే బస్తీ దవాఖానాలు కూడా ఉన్నాయి. అయినా జనం మధ్యలో మానేస్తారు, ఎందుకంటే ఒంట్లో ఏ బాధా తెలియదు, లేదంటే స్ట్రిప్ అయిపోయిన రోజు కూలికి పోవాల్సి వచ్చింది, లేదంటే అద్దె ఇల్లు మారారు, నాట్లకని ఊరెళ్లి రెండు నెలలు అక్కడే ఉండిపోయారు. వీటిలో ఏ ఒక్కదానికీ ఎంబీబీఎస్ అక్కర్లేదు. ఫలానా ఆయన ఈ నెల రాలేదని గమనించి ఒక ఫోన్ చేసే మనిషి ఉంటే చాలు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మంచిదే, ఎన్నో కుటుంబాలు అప్పుల పాలు కాకుండా ఆ పథకం ఆపింది. కానీ అది ప్రధానంగా ఆసుపత్రి మంచం దాకా వచ్చినవాళ్ల కోసం. కిడ్నీలు పోయాక డయాలసిస్‌కు డబ్బు దొరుకుతుంది, అంతకు కొన్నేళ్ల ముందు బీపీ గోళీలు మానేసినప్పుడు "ఏమైంది అన్నా, ఎందుకు రాలేదు" అని అడిగే పనికి ఏ పథకంలోనూ పెద్దగా చోటు లేదు. ఆశా కార్యకర్తలను అడగమంటారు గానీ, వాళ్ల నెత్తిన ఇప్పటికే ఎన్ని సర్వేలున్నాయో వాళ్లనే అడగండి.

మా దగ్గర అసలు పని జరిగేది మందుల బల్ల దగ్గరే. ఒకసారి ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్ విప్పి రెండు స్ట్రిప్పులు పెట్టింది. పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగులు వేరు. "ఇది డాక్టర్ రాసిండు, ఇది క్యాంపుల ఇచ్చిండ్రు బిడ్డా, రెండూ షుగరుకే గదా, రెండూ ఏస్కుంటున్న" అంది. బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో చూస్తే రెండూ గ్లిమిపిరైడ్ అనే ఒకే షుగర్ మందు. మధ్యాహ్నం అయ్యేసరికి చెమటలు, చేతులు వణకడం, కళ్లు తిరగడం ఉన్నాయట. షుగర్ పడిపోతోందని ఆమెకు తెలియదు, నీరసమనుకుని సెలైన్ ఎక్కించుకుంటోంది. వలంటీరు డోసు మార్చకూడదు, మార్చలేదు కూడా, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అయితే డాక్టర్ ముందు ఆమె కూర్చునే రెండు నిమిషాల్లో ఆ కవర్ బయటికొచ్చేదే కాదు. ఆ తర్వాత ఆమెకిచ్చిన కవర్ల మీద పొద్దుటి గోళీకి సూర్యుడు, రాత్రి గోళీకి చంద్రుడు బొమ్మ వేశాం. చదువురాని వాళ్లకు మేమిచ్చే ప్రిస్క్రిప్షన్ అదే.

బీపీ చూడటం కూడా అంతే. ఆటో దిగి పరుగున వచ్చిన మనిషికి, టీ తాగి అప్పుడే కూర్చున్న మనిషికి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి నొక్కితే వచ్చే అంకెను నమ్మలేం. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోబెట్టాలి, రెండుసార్లు చూడాలి. మెగా క్యాంపు హడావిడిలో ఇది కుదరదు, అందుకే నాకు ఆ క్యాంపుల లెక్కల మీద నమ్మకం తక్కువ.

వలంటీర్లతో ఇది సాధ్యమేనా అంటే కేరళను చూడండి. నయం కాని జబ్బులున్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే సేవను పాలియేటివ్ కేర్ అంటారు. 1993లో కోజికోడ్‌లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ అనుభవం నుంచి అక్కడ ఊరూరా వలంటీర్ల నెట్‌వర్క్ పుట్టింది. వాళ్లలో గృహిణులున్నారు, టీచర్లున్నారు, కూలి పనివాళ్లున్నారు. చేరాలంటే 16 గంటల శిక్షణ, ఆపైన వారానికి కనీసం రెండు గంటలు. వాళ్లు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్తారు, పుండ్లు కడగడం ఇంట్లోవాళ్లకు నేర్పుతారు, బియ్యం లేకపోతే బియ్యం చూస్తారు. ఆ ఒరవడి బలపడ్డాకే కేరళ ప్రభుత్వం 2008లో పాలియేటివ్ కేర్ విధానం తెచ్చింది. సేవ చేస్తామని చెయ్యెత్తినవాళ్లకు ఒక శిక్షణ, ఒక టైమ్‌టేబుల్ పెట్టారు, తేడా అక్కడే వచ్చింది. మనం చెయ్యెత్తిన ప్రతివాళ్లకూ ఒక టీషర్ట్ ఇచ్చి పంపేస్తాం.

ప్రభుత్వం చేయాల్సిన పని మీరెందుకు చేస్తున్నారని కొందరు కోపంగానే అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. అందుకే మాలాంటి క్లినిక్‌లు దవాఖానాకు పోటీగా మందులు పంచే దుకాణాల్లా మారకూడదని నా అభిప్రాయం. అక్కడ దొరికే మందుకు అక్కడికే పంపాలి, వెళ్లారో లేదో కనుక్కోవాలి, స్టాక్ లేదంటే నలుగురం కలిసి వెళ్లి అడగాలి. గడువు దగ్గరపడ్డ శాంపిల్ మందులు పంచడం, మైకులో పేరుతో పాటు జబ్బు కూడా చదవడం, పేషెంట్ల ఫొటోలు తీయడం లాంటివి ఏ క్లినిక్‌లో కనిపించినా నిర్మొహమాటంగా ఆపించాలి.

డిసెంబర్‌లో ఇండియాకొచ్చి సొంతూళ్లో ఒకరోజు మెగా క్యాంపు పెట్టించే ఎన్నారై మిత్రులకు ఒక విన్నపం. షామియానాకు, భోజనాలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బుతో ఒక చిన్న క్లినిక్‌కు గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, పెద్దవాళ్ల చేతికి సరిపోయే బీపీ పట్టీలు, ఒక ఫోను కొనివ్వండి. ఇక్కడే ఉంటూ ఆదివారం కాస్త ఖాళీ దొరికేవాళ్లు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు వెళ్లి, పోయిన నెల రానివాళ్ల లిస్టు ఇమ్మని అడగండి. లిస్టు లేదంటే, రిజిస్టర్ తీసుకుని ఆ లిస్టు రాయడంతోనే మొదలుపెట్టండి.