అద్దె కట్టని ఎమ్యులేటర్ గారికి

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ గారికి,

విజయవాడ, పటమట నుంచి తమరి ఇంటి ఓనరు రాయునది. ఉభయకుశలోపరి అందామంటే నా ల్యాప్‌టాప్ కుశలంగా లేదు.

నేను చేసే యాప్‌ని పరీక్షించడానికని, ల్యాప్‌టాప్‌లోనే ఫోను వేషం కట్టే ప్రోగ్రామ్‌గా దిగేటప్పుడు ఏమన్నారు? చిన్న ఫోనేగా అన్నారు. తీరా సిస్టమ్ ఇమేజ్ అంటూ ఫోన్ సాఫ్ట్‌వేర్ అంతా కట్టి ఒక జీబీ పైన మూట దించారు. ఆనక డేటా, స్నాప్‌షాట్ అని పక్క గదులూ ఆక్రమించారు. ఉన్న 8 జీబీ ర్యామ్‌లో తమరు కాళ్ళు బార్లా చాపితే బ్రౌజర్ అరుగు మీద పడుకుంటోంది. పైగా ల్యాప్‌టాప్ పునాది సెట్టింగులుండే బయోస్‌లోకి దూరి వర్చువలైజేషన్ అనేది ఆన్ చేస్తేగానీ గడప తొక్కనన్నారు.

నేను చేస్తున్నది మెస్‌ల యాప్. దగ్గర్లో క్యారేజీ ఇచ్చే మెస్ ఎక్కడుందో చెప్పాలి. మొదటిసారి రన్ చేస్తే దగ్గరి మెస్ 13 వేల కిలోమీటర్ల పైనే ఉందంది. తమరు పుట్టుకతోనే కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూలో ఉన్నామనుకుంటారట. (పోన్లెండి, మా వీధిలోనూ ఇంటికొకరు అమెరికాలోనే ఉన్నారు.) మా బెంజి సర్కిల్‌కి తీసుకొద్దామని, తమరి చోటు మార్చే జియో ఫిక్స్ కమాండ్‌లో 16.5, 80.65 కొట్టాను. మ్యాపులో అక్షాంశం ముందుంటుంది కదా, అలాగే. తమరికి మాత్రం రేఖాంశం ముందు కావాలి. తప్పురా అని ఒక్క ముక్క అన్నారా? కిక్కురుమనకుండా వెళ్ళి ఉత్తర ధ్రువం దాపున మంచు సముద్రంలో కూర్చున్నారు. ఇక్కడ మే నెల, రోళ్ళు పగిలే ఎండ. ల్యాప్‌టాప్ మీద పెసరట్టు వేయొచ్చు.

అసలు కడుపుమంట అది కాదు. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ 9 శాతానికొచ్చి మొత్తుకుంటోంది. తమరి నెత్తిన బ్యాటరీ గుర్తు చూద్దును కదా, నిండుగా 100! అదీ ఛార్జింగ్‌లో ఉందట! ఏ స్తంభానికి కొక్కెం తగిలించారు స్వామీ?

వెనకాల నిలబడి చూస్తున్న అమ్మ, "కంప్యూటర్‌లో ఫోనేంట్రా? చేతిలో ఫోన్ పెట్టుకుని?" అంది. నిజమే కదా అని ఆవిడ ఫోనే తీసుకుని కేబుల్ గుచ్చాను. అద్దం మూల పగిలిన పాత ఫోను. చిటికెలో యాప్ తెరుచుకుంది. పక్క సందులో మెస్ 400 మీటర్లంది, ఉన్నదీ అంతే.

ఇక తమరికి ఉద్వాసన చెప్పి డిలీట్ నొక్కబోతుంటే అమ్మ చెయ్యి చాపింది. సీరియల్ టైమయిందట.

తమరు మళ్ళీ లేస్తున్నారు. మొదట్నుంచీ లేవడాన్ని కోల్డ్ బూట్ అంటారట, ఈ ఎండలో! ఈ ఉత్తరమంతా ఆ లేచే లోపు రాసిందే. ఇంకా లేవలేదు.

ఇట్లు,
ఇంటి ఓనరు