98 గుంతల నారు ట్రే గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ నారు ట్రే గారికి,

గుంటూరు, బ్రాడీపేట, మూడో అంతస్తు నుంచి తమ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ ఈ ఉదయం తమ ఒడిలో ఆఖరి మిరప మొలక కూడా పక్కకు వాలిపోయాక ఎవరి కుశలం అడగమంటారు?

డాబా మీద పెడితే వాన దెబ్బ, పావురాల దెబ్బ అని పుస్తకాల అల్మరా ఖాళీ చేసి కిటికీ పక్కన తమకు చోటిచ్చాం. వంగ రెండు వరుసలు, టమాట రెండు వరుసలు, మిగిలిన పది వరుసలూ మిరప. వరుసకు ఏడు చొప్పున 70 గింజలు. ఆరు వారాల్లో కుండీల్లోకి మార్చుకుంటామని వీధి చివరి కొట్టాయన దాకా అందరికీ చెప్పుకున్నాను.

వంగ, టమాటల సంగతి ఎత్తను. వెలుతురు చాలక కిటికీ వైపు మెడలు చాచి, దారాల్లా సాగి కూలబడ్డాయి. ఆ తప్పు ఎదురింటి గోడది. పేర్లు రాసిన చీటీల మీద సిరా కరిగిపోయి ఏది వంగో ఏది టమాటో తెలియకుండా పోయింది. ఆ తప్పు పెన్నుది. కొన్ని గింజలను చీమలు మోసుకుపోయాయి, వాటికీ పిల్లాపాపలుంటారు. విత్తనాల ప్యాకెట్‌ను అనడానికైతే నోరే రాదు. మిరపకు మొలక శాతం కనీసం 60 అని అచ్చు వేశారు. 70కి 51 వచ్చాయి.

ఆ 51 గురించే ఈ ఉత్తరం.

మిరప గింజ ఒక పట్టాన మొలవదు. ఎనిమిది రోజులు కొబ్బరి పొట్టును చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఒక గుంతలో కొక్కెంలా చిన్న వంపు కనబడింది. వారం తిరిగేసరికి 51 కొక్కేలు విప్పుకుని రెండేసి ఆకులు చాచాయి. లెక్కపెట్టాను. మా ఆవిడను నిద్రలేపి మళ్లీ లెక్కపెట్టించాను.

మంగళవారం రాత్రి 51. బుధవారం పొద్దున 34. కాండం పొట్టును తాకే చోట నీరు పట్టి, నూలుపోగంత సన్నబడి, నరికినట్టు ఒరిగిపోయాయి. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. చచ్చిన సంగతి వాటికింకా తెలియదు. గురువారం 11. ఇవాళ సున్నా.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరికి, నాన్నకు ఫోను చేశాను. ‘‘నారుకుళ్లు’’ అన్నారు, రెండో మాట లేకుండా. ‘‘రోజుకు ఎన్నిసార్లు తడిపావురా?’’

‘‘మూడు పూటలా. పడుకునే ముందు ఇంకోసారి.’’

‘‘పెరుగన్నం కూడా పెట్టావా?’’

నారుమడిని జానెడు ఎత్తున ఎందుకు కడతారో ఆ తర్వాత చాలాసేపు చెప్పారు. నీళ్లు నిలిస్తే తెగులు కాచుకుని కూర్చుంటుందట. నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు ఇన్ని తరాలుగా అంటూ వస్తున్నారు. పోశానయ్యా! ఎంత పోయాలో మాత్రం సామెతలో ఎవరూ చెప్పలేదు.

ఇక ఈ తమరూ గిమరూ నా వల్ల కాదు. ఒరే ట్రే, నీ అడుగున 98 రంధ్రాలున్నాయి కదా! అవి ఎందుకున్నాయి? నీకు వేరే పనేముంది? నీళ్లు వదలాలి, అంతేగా! నిజమే, టేకు అల్మరా తడుస్తుందని మా పెళ్లినాటి హరివాణంలో నిన్ను కూర్చోబెట్టింది నేనే. ఈ ఉదయం నిన్ను ఎత్తితే కింద అర అంగుళం మురుగునీరు. నా బిడ్డలు దాంట్లో రాత్రింబగళ్లు కాళ్లు నానబెట్టుకుని నిలబడ్డారు. నీకు తెలుసు. మూడు వారాలుగా నీకు తెలుసు!

ఎక్కడ జరిగింది ఈ ఘోరం? మిర్చి యార్డు ఘాటుకు దారిన పోయేవాళ్లు తుమ్ముకుంటూ వెళ్లే ఊళ్లో. మిరప వంగడాలకు పేరుపడ్డ లాం ఫారం ఆమడ దూరం కూడా లేని చోట. లిఫ్టులో కింది వాటా ఆయన ‘‘కాపు మొదలైందా మాస్టారూ?’’ అన్నారు. మెట్లెక్కి వచ్చాను.

నిన్ను చెత్తబండిలో వేస్తానని మధ్యాహ్నం శపథం చేశాను. మా అమ్మాయి వచ్చి, ‘‘98 గుంతలు నాన్నా, పూసలు సర్దుకుంటాను, నాకిచ్చెయ్’’ అంది. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని అడగకు. పాత పొట్టు పారబోసి, వేడినీళ్లతో కడిగి, నిన్ను డాబా మీద ఎండకు బోర్లించాను. ప్యాకెట్‌లో ఇంకా ఒక చెంచాడు గింజలున్నాయి. హరివాణం అటక ఎక్కింది. స్ప్రే సీసాను బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకిచ్చాను. నేనడిగినా ఇవ్వద్దని చెప్పాను.

ఇట్లు,
నీరు పోసినవాడు