స్క్రూడ్రైవర్ పెట్టి షార్ట్ చేస్తే బోటు సెల్ఫ్ లోపం తెలియదు

“బోటు ఇంజిన్ సెల్ఫ్ పట్టుకోవడం లేదా? మెకానిక్ అక్కర్లేదు, ఈ ఆరు చిట్కాలు చాలు” అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. ఇంజిన్ పని తెలిసినవాళ్లు కూడా చదవకుండానే పంపిస్తున్నారు. ఆ ఆరింటిలో ఒకటి సగం నిజం, ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది. దీన్ని ఇంకొకరికి పంపే ముందు ఇది చదవండి.

“మోటార్ తిరుగుతున్నా ఇంజిన్ తిరగకపోతే బెండిక్స్ నిండా గ్రీజు కూరండి” అనేది మొదటి చిట్కా. చెయ్యకూడని పని సరిగ్గా అదే. బెండిక్స్ అంటే సెల్ఫ్ మోటార్ తిరుగుడును ఇంజిన్‌కు అందించే చిన్న పళ్లచక్రం (పినియన్), దాని మర ఉన్న భాగం. ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) ఇంజిన్లలో చాలావాటికి పినియన్ మరలున్న షాఫ్ట్ మీద కూర్చుని ఉంటుంది. మోటార్ ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు పినియన్ ఆ వేగాన్ని వెంటనే అందుకోలేక వెనకబడుతుంది. అలా వెనకబడటం వల్లే మర వెంట పైకి ఎక్కి ఇంజిన్ పెద్ద చక్రం (ఫ్లైవీల్) పళ్లను పట్టుకుంటుంది. గ్రీజు కూరితే పినియన్ షాఫ్ట్‌కు అతుక్కుని దాంతోపాటే తిరుగుతుంది, పైకి ఎక్కదు. నాలుగు రోజులకు ఆ గ్రీజు దుమ్మూ ఉప్పూ చేరి గట్టిపడుతుంది కూడా. ఆ మరలను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు. బ్యాటరీ నీరసించినా లక్షణం ఇదే: మోటార్ మెల్లగా వేగం పుంజుకుంటుంది, పినియన్ ఎక్కదు. అందుకే ఏది విప్పాలన్నా ముందు వోల్ట్ మీటర్ పెట్టాలి.

రెండోది, “టక్ మని శబ్దం వచ్చి ఆగిపోతే సోలినాయిడ్ పోయినట్టే, మార్చేయండి.” సోలినాయిడ్ అంటే తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటును సెల్ఫ్ మోటార్‌కు కలిపే అయస్కాంత స్విచ్చి. అది పోయిందని కొలవకుండా ఎలా తెలిసింది? వరసగా టకటక కొట్టుకుంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని, కేబుల్ బిగింపులను. ఒక్కటే గట్టి టక్ వచ్చి ఆగితే కారణం సోలినాయిడ్ లోపల కాలిన కాంటాక్టులు, మోటార్‌లో అరిగిన బ్రష్‌లు, లేదా బిగుసుకుపోయిన ఇంజిన్ కావచ్చు. నిండిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కట్ చేసి, మీటర్ ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ పోస్ట్ మీద, రెండోది స్టార్టర్ (సెల్ఫ్ మోటార్) పెద్ద బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. క్లాంపు మీద కాదు, పోస్ట్ మీదే. 0.5 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులు బిగింపో, కాలిన కాంటాక్టో ఉంది. ఇంజిన్ బ్లాకు నుంచి మైనస్ పోస్ట్‌కు 0.3 దాటితే ఎర్త్ బాగోలేదు. ఆఖరున సోలినాయిడ్ చిన్న టెర్మినల్. తాళం తిప్పినప్పుడు అక్కడ వోల్టేజి బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే ఒక వోల్టుకు మించి తగ్గితే దోషం స్టార్టర్‌ది కాదు. తాళం స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి (గేరులో ఉంటే సెల్ఫ్ కొట్టనివ్వనిది), మధ్యలో ఉన్న మల్టీపిన్ కనెక్టర్ వెతకండి. చాలా బోట్లలో ఆ వైరు పసుపు మీద ఎరుపు గీతతో ఉంటుంది.

ఇక మూడోది. “సోలినాయిడ్ మీది రెండు పెద్ద బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలపండి, మోటార్ తిరిగినా ఇంజిన్ తిరగకపోతే పినియన్ పోయినట్టే.” ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. సోలినాయిడ్ స్టార్టర్ మీదే కూర్చున్న ఇన్‌బోర్డ్ (బోటు లోపల బిగించే) ఇంజిన్‌లో పినియన్‌ను బయటికి తోసేది ఆ సోలినాయిడే. కాయిల్ లాగితే లోపలి ఫోర్క్ పినియన్‌ను తోస్తుంది, ఆ తర్వాతే పెద్ద కాంటాక్టులు కలుస్తాయి. మీరు ఆ రెండు బోల్టులనూ బయటినుంచి కలిపితే కరెంటు నేరుగా మోటార్‌కు పోతుంది, ఫోర్క్ కదలదు. కొత్త స్టార్టర్ తెచ్చి పెట్టినా అలాగే ఉత్తినే గిర్రున తిరుగుతుంది! అంటే ఈ పరీక్షలో బాగున్న స్టార్టర్ కూడా ఫెయిలే.

దానికోసం పెట్టే పణం ఏమిటో చూడండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగునే పేరుకుంటుంది. వందల ఆంపియర్ల నిప్పురవ్వ మీరు కొట్టేది సరిగ్గా అక్కడే. ఔట్‌బోర్డ్‌లో అయితే ఇంజిన్ నిజంగానే తిరుగుతుంది, కానీ న్యూట్రల్ స్విచ్చి పక్కకు తప్పిపోయింది కాబట్టి గేరులో ఉంటే నీళ్లలోని ఫ్యాను (ప్రొపెల్లర్) కూడా తిరుగుతుంది. వెనక నీళ్లలో ఎవరైనా ఉంటే? ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. పెట్రోలు ఇంజిన్ అయితే మూతలు తెరిచి బ్లోయర్ (ఇంజిన్ గది గాలిని బయటికి లాగే ఫ్యాను) నాలుగు నిమిషాలు నడపండి, వాసన చూడండి. గేరు న్యూట్రల్‌లో ఉందని కళ్లతో చూడండి. బ్యాటరీ స్విచ్చి ఆపి, ఫ్యూజు ఉన్న పుష్ బటన్ వైరును బ్యాటరీ ప్లస్ నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కు తగిలించండి. బటన్ ఇంజిన్ గదికి బయట ఉండాలి. అప్పుడు స్విచ్చి వేసి నొక్కండి. చక్కగా పట్టుకుంటే స్టార్టర్ బాగుంది, తప్పు వైరింగ్‌ది. పట్టుకోకపోతే అప్పుడు స్టార్టర్ దించండి. దించాక పినియన్‌ను చేత్తో తిప్పి చూడండి, ఒకవైపు తేలిగ్గా తిరిగి రెండోవైపు బిగుసుకోవాలి. రెండువైపులా తిరిగితే పినియన్ క్లచ్ పోయింది.

నాలుగోది సుత్తి దెబ్బ. ఇందులో కొంత నిజముంది. బ్రష్‌లు అరిగి ఇరుక్కున్న స్టార్టర్ చిన్న దెబ్బకు కదిలి, ఆ ఒక్కసారికి ఒడ్డు చేరుస్తుంది. లోపల పర్మనెంట్ మాగ్నెట్లు ఉన్న మోటార్ అయితే గట్టిగా కొట్టకండి, అవి పగులుతాయి.

ఐదోది, కారు స్టార్టర్ పెట్టుకోమనడం. పెట్రోలు ఇంజిన్‌కు ససేమిరా వద్దు. బోటు స్టార్టర్ లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టి ఉంటుంది, దాని ప్రమాణం ఎస్.ఎ.ఇ. జె1171. డీజిల్ ఇంజిన్‌కైతే ఆ భయం చాలా తక్కువ, పళ్ల సంఖ్యా తిరిగే దిశా కలిస్తే పని చేస్తుందని ఒప్పుకుంటాను. తుప్పు మాత్రం తొందరగా పడుతుంది.

మెసేజ్‌లో అసలు లేనిది రింగ్ గేర్, అంటే ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల కట్టు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేటప్పుడు ఫ్లైవీల్ దాదాపు ఎప్పుడూ అవే రెండు చోట్ల ఆగుతుంది, పళ్లు కూడా అక్కడే అరుగుతాయి. ఒకసారి పట్టి ఒకసారి గరగరమంటుంటే క్రాంక్ బోల్టును పానాతో, మామూలుగా తిరిగే దిశలోనే, పావు చుట్టు తిప్పి సెల్ఫ్ కొట్టండి. అక్కడ పట్టుకుంటే అరిగిన పళ్లను అనుమానించాలి, సోలినాయిడ్‌ను కాదు.

ఆరోది, “పట్టేదాకా కొడుతూనే ఉండండి.” పది సెకన్లు దాటకూడదు, మధ్యలో రెండు నిమిషాల విరామం ఇవ్వాలి. ఇంజిన్‌ను చల్లబరిచిన నీళ్లను పొగతో కలిపి సైలెన్సర్ గుండా వదిలే ఇన్‌బోర్డ్‌లలో ప్రమాదం ఇంకా పెద్దది. ఇంజిన్ అందుకోకుండా తిరిగినంతసేపూ పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సర్ నిండాక ఆ నీళ్లు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. నాలుగైదు సార్లు కొట్టినా అందుకోకపోతే సీకాక్ (బయటి నీళ్లు లోపలికి వచ్చే కవాటం) మూసేయండి, ఇంజిన్ అందుకున్న క్షణమే తెరవండి. ఉన్నట్టుండి ఇంజిన్ గట్టిగా ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు, డీజిల్‌లో అయితే ఇంజెక్టర్లు, విప్పి చేత్తో తిప్పండి. నీళ్లు చిమ్మితే స్టార్టర్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ నీళ్లు తీసేసి, ఇంజిన్ ఆయిల్ అదే రోజు మార్చండి.