రైఫిల్‌లో మిగిల్చింది తూటాల్లో పెట్టండి

అసోసియేషన్ పిక్నిక్‌లో గ్రిల్ దగ్గర నిలబడితే చాలు, ఈ మధ్య ఎవరో ఒకరు పక్కకి లాగి అడుగుతూనే ఉన్నారు, అన్నా ఓ వెయ్యి డాలర్లు పెడదామనుకుంటున్నా, మంచి అక్యురేట్ బోల్ట్ యాక్షన్ .22 రైఫిల్ (చిన్న తూటాది, ఒక్కో రౌండ్‌కి చేత్తో బోల్టు లాగి ఎక్కించేది) ఏదో ఒకటి చెప్పు అని. అడిగేవాళ్ళు అప్పటికే యూట్యూబ్ అంతా గాలించేసి, ఎక్సెల్ షీట్ కూడా వేసేసి ఉంటారు (మనవాళ్ళం కదా, కుక్కర్ కొన్నా షీట్ లేకుండా కొనం), ఆ షీట్‌లో బ్యారెల్ పొడుగు, బరువు, ట్రిగ్గర్, స్టాక్ (చెక్క లేదా ప్లాస్టిక్ పిడి) రంగు అన్నీ ఉంటాయి గానీ తూటాలకి ఒక్క కాలమ్ కూడా ఉండదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, నచ్చనివాళ్ళు పేజీ తిప్పేయొచ్చు: ఆ వెయ్యిలో సగానికి మించి రైఫిల్‌కి పెట్టకండి. మిగతా సగంలో స్కోప్ (గురి చూసే దుర్బిణి) పోగా మిగిలిందంతా తూటాలకే.

దానికంటే ముందు ఒక మాట, ఇది మనవాళ్ళకి మరీ ముఖ్యం. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 ఇలా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మనకి పనికొచ్చేది ఒక్కటే, ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. తుపాకి షాపులో నింపే ఫెడరల్ ఫారం 4473 లో ఇదంతా అడుగుతారు కాబట్టి కొనేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది, అసలు చిక్కు షూటింగ్ రేంజ్‌లో, ఫ్రెండ్‌తో సరదాగా వెళ్ళి అద్దె తుపాకితో నాలుగు రౌండ్లు కాల్చొచ్చాం అంతే కదా అనుకుంటారు, చట్టం దృష్టిలో చేతిలో పట్టుకోవడం కూడా కలిగి ఉండటమే. 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు చూడండి, స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు, యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది, ఆ తర్వాత ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు, అరెస్టయ్యాడు. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది నిజమే, కానీ అక్కడిదాకా వెళ్ళే ఓపిక, లాయర్ ఫీజులు మనకెందుకు. గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళు వాట్సాప్ గ్రూపులో అడక్కండి, లాయర్‌నే అడగండి. రాష్ట్రాల సంగతి వేరే, ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకి యజమాని గుర్తింపు కార్డు), న్యూజెర్సీలో పర్చేజర్ ఐడీ కార్డు కావాలి, మా ఒహాయోలో రైఫిల్‌కి అలాంటిదేం లేదు.

సరే, ఇక అసలు విషయం. .22 మనలో చాలామందికి కొత్తేం కాదు, కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళందరూ బోర్లా పడుకుని పాయింట్ టూటూ కాల్చినవాళ్ళే, ఉస్తాద్ వెనకాల నిలబడి గ్రూపింగ్, గ్రూపింగ్ (చిల్లులన్నీ ఒకే చోట పడాలని) అని అరుస్తుంటే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ పతకం ఎయిర్ రైఫిల్‌లో తెచ్చాడు గానీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల .22 ఈవెంట్లలో కూడా పోటీపడ్డాడు, అక్కడ పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. 1887 నుంచి ఉన్న తూటా ఇది, 40 గ్రెయిన్ల (తూటా బరువు కొలిచే యూనిట్) సీసం, దెబ్బ తగిలితే అంటుకునే మందు అంచులోనే ఉంటుంది కాబట్టి రిమ్‌ఫైర్ అన్నారు. అంచు ఒకసారి నలిగితే అంతే, సెంటర్‌ఫైర్ (దెబ్బ అడుగు మధ్యలో పడే తూటాలు) వాళ్ళలాగా ఇంట్లో కూర్చుని మళ్ళీ నింపుకోవడం కుదరదు. అంటే ఫ్యాక్టరీ ఏది పోసిస్తే అదే గతి. అందుకే తూటా ఎంపిక ఇక్కడ అంత పెద్ద విషయం అయింది.

బోల్టే ఎందుకు, సెమీ ఆటో ఎందుకు కాదు అంటారా. సెమీ ఆటోలో తూటా బలంతోనే బోల్టు వెనక్కి పోవాలి, మళ్ళీ ఇంకోటి లోపలికి ఎక్కాలి, దానికి చాంబర్ (తూటా కూర్చునే గది) కాస్త వదులుగా పెడతారు, నీరసంగా ఉండే తూటాలు అందులో సరిగ్గా తిరగవు. బోల్టుని మన చెయ్యే తిప్పుతుంది కాబట్టి ఏ తూటా అయినా పర్లేదు, చాంబర్ బిగువుగా పెట్టొచ్చు. పైగా ఒక్కో రౌండ్‌కి చెయ్యి కదలాలి కాబట్టి తూటాలు టపాకాయల్లా అయిపోవు.

రైఫిళ్ళ పేర్లు చెప్పకపోతే ఊరుకోరని తెలుసు. సావేజ్ మార్క్ 2, అందులో లావు బ్యారెల్ ఉన్న ఎఫ్‌వీ లాంటి మోడల్, మూడు నాలుగు వందల డాలర్ల మధ్య దొరుకుతుంది, కెనడాలో లేక్‌ఫీల్డ్ దగ్గర తయారౌతుంది, చూడ్డానికి ఏమంత అందగత్తె కాదు గానీ యాక్యుట్రిగ్గర్ అనే దాని ట్రిగ్గర్ బిగువు మనమే సర్దుకోవచ్చు, కాలుస్తుంది కూడా బాగానే. రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ కూడా దాదాపు ఆ ధరే, దాని సుఖం ఏంటంటే వాళ్ళ 10/22 రైఫిల్ మ్యాగజైన్లే (తూటాలు నింపే డబ్బీలు) దీనికీ పడతాయి, ఏ షాపులోనైనా ఉంటాయి. ఇంకో వందా నూటయాభై పెట్టగలిగితే చెక్ వాళ్ళ సీజెడ్ 457, ఫిన్లాండ్ టిక్కా టీ1ఎక్స్. నన్ను ఒక్కటే చెప్పమంటే 457, బోల్టు 60 డిగ్రీలే ఎత్తాలి, ట్రిగ్గర్ సర్దుకోవచ్చు, బ్యారెల్ కావాలంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. మ్యాచ్ చాంబర్ (పోటీల కోసం ఇంకా బిగువుగా చేసింది) ఉన్న ఎంటీఆర్ మోడల్ ఇంకా ఖరీదు, మొదటి రైఫిల్‌కి అక్కర్లేదని నా ఉద్దేశం. రెండు మూడు వేల డాలర్ల కస్టమ్ రైఫిళ్ళ జోలికి ఇప్పుడు పోవద్దు, అవి మంచివి కాదని కాదు, యాభై యార్డుల్లో ఆ తేడా చూడాలంటే ముందు మనం అంత కచ్చితంగా కాల్చడం నేర్చుకోవాలి, లేకపోతే ఆడలేక మద్దెల ఓడన్న కథ అవుతుంది.

ఇప్పుడు తూటాలు. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు కాఫీపొడి విషయంలో ఎంత మొండికేస్తారో .22 బ్యారెల్ కూడా అంతే, పక్కింటివాడి సీజెడ్‌కి అద్భుతంగా పనిచేసిన తూటా అదే మోడల్, అదే ఏడాదిలో తయారైన మన సీజెడ్‌లో చెత్తగా పడొచ్చు. ఖరీదైనదే బాగా పడుతుందన్న రూల్ కూడా లేదు. కాబట్టి ఓ అయిదారు రకాలు తలా రెండు డబ్బాలు తెచ్చుకోండి, సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ తప్పకుండా ఉండాలి (యాభై తూటాల డబ్బా అయిదు డాలర్ల చుట్టుపక్కల, చాలా రైఫిళ్ళలో ఆశ్చర్యంగా కాలుస్తుంది), ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఎస్‌కే రైఫిల్ మ్యాచ్, ఏదో ఒక ఈలీ, ఇంకొంచెం చెయ్యి జారితే లాపువా సెంటర్-ఎక్స్. హై వెలాసిటీ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేవి వద్దు. అవి గొట్టంలోంచి సెకనుకి 1200 అడుగులు దాటిన వేగంతో బయటకొస్తాయి, ధ్వని వేగం 1125 దాకా, ఆ గీత దాటి కిందకి దిగేటప్పుడు తూటా తడబడుతుంది. 1070 దగ్గర బయల్దేరేవి మొదట్నించీ ఆ గీత కిందే ఉంటాయి, ఆ బాధ లేదు. తమాషా ఏంటంటే వేగంగా పోయే తూటాని పక్కగాలి ఇంకా ఎక్కువ తోసేస్తుంది, వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం. గంటకి పది మైళ్ళ అడ్డగాలిలో నూరు యార్డులకి స్టాండర్డ్ వెలాసిటీయే నాలుగు అంగుళాల దాకా జరుగుతుంది, అందుకని పరీక్షలు పొద్దున్నే గాలి లేవకముందు పెట్టుకోండి.

పరీక్ష పద్ధతిగా చెయ్యాలి. ఒక్కో కంపెనీ తూటాకి పూసే మైనం, గ్రీజు వేరు, బ్రాండ్ మార్చగానే మొదటి పది పదిహేను రౌండ్లు లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్‌కి కొత్త పూత పట్టనివ్వండి. ఆ తర్వాత యాభై యార్డుల్లో, ముందూ వెనకా ఇసక సంచుల మీద ఆనించి, అయిదేసి రౌండ్లు అయిదు గ్రూపులు, వరసగా. కాలిపర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి ఒక చిల్లు వెడల్పు తీసేస్తే గ్రూపు వస్తుంది. అయిదింటి సగటు చూడండి, మంచిదొక్కటి ఫోటో తీసి గ్రూపులో పెట్టడం కాదు. మూడు రౌండ్ల గ్రూపు చూపించి నాది అర అంగుళం రైఫిల్ అనేవాళ్ళు కోకొల్లలు, ఆ లెక్కన లాటరీలో పది డాలర్లు తగిలినవాడు కూడా పెట్టుబడిదారుడే. యాభై యార్డుల్లో అర అంగుళం సగటు వస్తే అయిదు వందల రైఫిల్‌కి అది చాలా గొప్ప, ముప్పావు అంగుళం వచ్చినా బాధపడొద్దు. గ్రూపు అడ్డంగా సాగిందంటే గాలి, నిలువుగా సాగిందంటే తూటాల వేగంలో తేడాలు లేదా మన ఊపిరి. నూరు యార్డుల్లో వేగం యాభై అడుగులు అటూ ఇటూ అయితే అంగుళం పైనే కిందా మీదా పడుతుంది, చవక తూటాకీ మంచి తూటాకీ తేడా అసలు అక్కడే బయటపడుతుంది. గెలిచిన రకం దొరికాక డబ్బా మీద లాట్ నంబరు చూసి అదే లాట్ ఓ రెండు ఇటుకలు, అంటే వెయ్యి రౌండ్లు, ఒకేసారి కొనేయండి. వేరే లాట్ అంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

స్కోప్‌కి రెండు వందలు చాలు. ఒక్కటి చూసుకోండి, పారలాక్స్ యాభై యార్డులకి పెట్టిన రిమ్‌ఫైర్ స్కోప్ కావాలి లేదా మనం తిప్పి సర్దుకునేది, సెంటర్‌ఫైర్‌వి నూరు యార్డులకి పెట్టి ఉంటాయి, దగ్గర్లో కన్ను కాస్త జరిగితే క్రాస్‌హెయిర్ (గురి గీతలు) కూడా జరుగుతుంది. సీజెడ్‌కి 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ (స్కోప్ రింగులు బిగించే గాడి), మామూలు రింగులు పట్టవు, రింగులు ఆర్డరు చేసేముందు చూసుకోండి. చవక రైఫిళ్ళలో ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగం మెత్తగా ఉంటుంది, బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండు) మీద ఒత్తితే వంగి బ్యారెల్‌కి తగులుతుంది. ఒక కాగితం ముక్క బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి రిసీవర్ (బోల్టు ఉండే భాగం) దాకా లాగండి, రైఫిల్‌ని ఆనించి ఒత్తుతూ ఇంకోసారి లాగండి, ఎక్కడైనా పట్టేస్తే గరుకు కాగితం చుట్టిన కర్రతో ఆ చోట నాలుగు సార్లు గీకితే సరి, పైసా ఖర్చు లేదు.

సెకండ్ హ్యాండ్ కొనడానికి మొహమాటపడకండి, .22 బ్యారెల్ సీసం తూటాలతో అంత తొందరగా అరగదు, పాత సీజెడ్ 452, 455 కనబడితే నేనైతే కొత్త మార్క్ 2 పక్కనపెట్టి అదే తీసుకుంటా. వాటిల్లో సేఫ్టీ ఉల్టా అని మాత్రం గుర్తుపెట్టుకోండి, ముందుకి తోస్తే సేఫ్, వెనక్కి లాగితే ఫైర్, 457లో దాన్ని అందరిలాగే మార్చేశారు. షాపువాడిని అడిగి బోల్టు తీయించి, ఫోన్ లైటు వేసి చాంబర్ మూతి చూడండి. ఖాళీ తుపాకి ట్రిగ్గర్ ఊరికే నొక్కీ నొక్కీ ఉంటే ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే సూది) ఆ అంచుకి తగిలి సొట్ట పడి ఉంటుంది, గోటికి తగులుతుంది కూడా. సొట్ట ఉంటే ధర తగ్గించమనడం కాదు, వదిలేసి వచ్చేయడమే. గొట్టం చివరి అంచు మీద గీత గానీ దెబ్బ గానీ ఉన్నా అంతే.

కొన్నాక ఏం చెయ్యాలంటే మ్యాచ్‌లకి రండి, ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ మనకి ఎంత దూరం. సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) వాళ్ళ రిమ్‌ఫైర్ స్పోర్టర్ మ్యాచ్‌లో 50, 25 యార్డుల్లో కాల్చాలి, రైఫిల్ ఏడున్నర పౌండ్లు దాటకూడదు, ట్రిగ్గర్ మూడు పౌండ్లకి తగ్గకూడదు, అంటే మామూలు సంసారపక్షం రైఫిళ్ళ కోసం పెట్టిన పోటీ అన్నమాట. లావు బ్యారెల్, పెద్ద స్కోప్ కలిస్తే బరువు దాటేస్తుంది, ఈ మ్యాచే మీ లక్ష్యమైతే సన్న బ్యారెల్ మోడలే కొనుక్కోండి. ఎన్ఆర్‌ఎల్ 22 అని ఇంకో .22 పోటీ ఉంది, దేశమంతా నెలనెలా ఒకే కోర్సు కాలుస్తారు, అందులో రైఫిల్, స్కోప్ ఖరీదు మీద పరిమితి ఉన్న క్లాసు ఉంది, మన బడ్జెట్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి బోల్ట్ యాక్షన్‌లో ఒక సుఖం, బోల్టు బయటకి లాగేస్తే అది ఉత్త గొట్టం. రైఫిల్ ఒక తాళంలో, బోల్టు ఇంకో తాళంలో, తూటాలు మూడో చోట. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, డబ్బా మీదే ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది.

వారంలో మిగతా రోజులు ట్రిగ్గర్ ప్రాక్టీస్ ఇంట్లోనే చేసుకోవచ్చు, తూటాలు మాత్రం ఆ గదిలోనే ఉండకూడదు, చాంబర్ రెండుసార్లు చూసుకోవాలి, గురి పెట్టే గోడ వెనకాల ఎవరూ ఉండకూడదు. అయితే ఇందాక చెప్పిన చాంబర్ మూతి సొట్ట మన రైఫిల్‌కి రాకూడదు కదా, దానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే పసుపు రంగు ప్లాస్టిక్ డ్రైవాల్ యాంకర్, నాలుగో నంబరు సైజుది, చాంబర్‌లో సరిగ్గా .22 తూటాలాగే కూర్చుంటుంది, ఫైరింగ్ పిన్ దాని అంచు మీద పడుతుంది. నూరు యాంకర్లు కొద్ది డాలర్లే. కొన్ని దెబ్బలకి అంచు నలుగుతుంది, కాస్త తిప్పి పెట్టుకుంటే ఇంకొన్ని వస్తాయి.