ఫోను మంచిదే, వాడకమే చెడ్డది

కొత్త స్మార్ట్‌ఫోను చేతికి వచ్చి వారం తిరగకముందే ‘సాయంత్రానికల్లా బ్యాటరీ ఖాళీ అవుతోంది’ అని వాపోయేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వీరి మాటల్లో ధ్వనించే కృతఘ్నతను చూస్తే తయారీ సంస్థల మీద జాలి కలగక మానదు. పెట్టె మీద ‘రెండు రోజుల బ్యాటరీ’ అని అచ్చువేసిన మాట అక్షరాలా నిజం. ఆ రెండు రోజుల్లో తాము ఫోనును ముట్టుకుంటామని కొనుగోలుదారులు ముందుగా చెప్పకపోవడమే అసలు చిక్కు. చెప్పకుండా ముట్టుకుని, పైగా తెర వెలిగించి, అంతటితో ఆగక అవతలి మనిషితో మాట్లాడి, చివరికి నెపమంతా బ్యాటరీ మీదకు నెట్టడం ఏ ధర్మశాస్త్రమూ ఒప్పని పని.

ప్రకటనలోని ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని పేజీ అడుగు దాకా వెళ్లగలిగిన ఓపికమంతులకు అక్కడ, చీమలు మాత్రమే హాయిగా చదువుకోగల అక్షరాల్లో, వివరణ దొరుకుతుంది. ప్రయోగశాలలో, వెలుతురును ఒక నిర్ణీత స్థాయిలో ఉంచి, ముందే ఫోనులో దాచిన వీడియోను ఆపకుండా ఆడించి కొలిచారనీ, వాడకాన్ని బట్టి, నెట్‌వర్కును బట్టి, సెట్టింగులను బట్టి, ఉష్ణోగ్రతను బట్టి ఫలితం మారవచ్చుననీ అందులో ఉంటుంది. అంటే సంస్థ దృష్టిలో ఒక ఆదర్శ వినియోగదారుడు ఉన్నాడన్నమాట. అతనికి ఫోన్లు రావు. అతడు ఎవరికీ చేయడు. ఎండలోకి వెళ్లడు కనుక తెర వెలుగు పెంచే అవసరం రాదు. సిగ్నలు సరిగా అందని చోట తిరగడు. సందేశం వచ్చిందేమోనని నిమిషానికోసారి తెర మేల్కొలపడు. ఒకే వీడియోను పొద్దస్తమానం, మళ్లీ పొద్దుపొడిచే దాకా, విసుగన్నది లేకుండా చూస్తాడు. అటువంటి మహానుభావుడి కోసం తయారైన ఫోనును మనవంటి చంచలచిత్తులు కొనుక్కుని, అతనికి దక్కిన ఫలితమే తమకూ దక్కాలనడం అత్యాశ.

లెక్క తెలియక గొడవపడేవారి కోసం లెక్క కూడా చెప్పుకుందాం. ఈనాటి చాలా ఫోన్లలో కనిపించే 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్, అంటే ఐదు ఆంపియర్-అవర్ల) బ్యాటరీని సుమారు 3.85 వోల్టులతో గుణిస్తే వచ్చేది 19 వాట్-అవర్లు. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి రెండు గంటలు వెలగడానికి కూడా చాలని శక్తి అది. ఫోను సగటున ఒక వాటు లాగితే 19 గంటలు వస్తుంది. మూడు వాట్లు లాగితే ఆరు గంటల పైచిలుకు. ఆట మొదలుపెట్టి ఐదు వాట్లు లాగిస్తే నాలుగు గంటలు నిండవు. ఇంతటి సూటి భాగహారాన్ని ప్రకటనల్లో వేయకపోవడానికి కారణం సంస్థలకు అది తెలియక కాదు, కొనేవారి మనసు నొచ్చుకోకూడదన్న సున్నితత్వమే. పైగా ఆ 5000 అన్నది చాలాసార్లు ‘టిపికల్’ కెపాసిటీ, అంటే సగటున ఉండే సామర్థ్యం. కనీసం ఇంత ఉంటుందని చెప్పే ‘రేటెడ్’ కెపాసిటీ అని ఇంకొక అంకె ఉంటుంది, అది కొంచెం తక్కువ. రెండింటిలో ఏది పెద్ద అక్షరాల్లో అచ్చవుతుందో పాఠకులు ఊహించుకోగలరు.

వెనకటి ఫోన్లను తలచుకుని కన్నీరు పెట్టుకునేవారిది మరో వరస. 2000లో వచ్చిన నోకియా 3310లో ఉన్నది 900 ఎంఏహెచ్ బ్యాటరీ మాత్రమేననీ, అయినా ఒకసారి చార్జి చేస్తే రోజుల తరబడి వచ్చేదనీ వీరు సమయం సందర్భం లేకుండా గుర్తుచేస్తుంటారు. వచ్చేదే, కాదనం. దానికి ఉన్న పనేమిటి? మోగడం, మోగనప్పుడు ఊరుకోవడం. ఇంకా వెనక్కి వెళ్లాలనుకునేవారు 1983 నాటి మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్ దాకా వెళ్లవచ్చు. మార్కెట్లోకి వచ్చిన ఆ తొలి చేతి సెల్‌ఫోనులో అరగంట మాట్లాడాలంటే పది గంటలు చార్జి చేయవలసి ఉండేది. పది గంటల నిరీక్షణకు అరగంట సంభాషణ అన్న ఆ నిష్పత్తిలోని సంయమనం ఈ తరానికి ఎక్కడిది? ఆనాటివారు చార్జి చేస్తూ ఆలోచించుకునేవారు కనుక చెప్పవలసింది అరగంటలో ముగించగలిగేవారని నా అనుమానం.

శాస్త్రజ్ఞులను నిందించడమూ తగదు. 1970ల్లో స్టాన్లీ విటింగ్‌హామ్ పునాది వేసి, 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడును చేర్చి, 1985లో అకిరా యోషినో మండిపోకుండా పనిచేసే నమూనాను నిలబెట్టి, 1991లో సోనీ అమ్మకానికి పెట్టిన తరువాతనే మన జేబులోకి లిథియం అయాన్ బ్యాటరీ వచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు వేరొకరు లేరు. అటువంటి పెద్దలు దశాబ్దాలు శ్రమించి ఒక చిన్న పలకలో పోగుచేసి ఇచ్చిన శక్తిని, మనం సెకనుకు 120 సార్లు తెరను తాజా చేసుకుంటూ, ఎవరో అపరిచితుడు పిల్లికి స్నానం చేయిస్తున్న దృశ్యాన్ని పైకీ కిందకీ జరపడానికి ఖర్చుచేస్తున్నాం. ప్రాసెసర్లు ఏటికేడు వేగం పెంచుకుంటూ పోతాయి. బ్యాటరీ రసాయనానికి అంత తొందర లేదు, అది ఏడాదికి ఏ కొన్ని శాతమో మెరుగుపడుతుంది. ఆ కాస్త మెరుగుదలనూ ఇంకాస్త ప్రకాశవంతమైన తెర మధ్యలోనే అందుకుంటుంది.

ఇక సేవా కేంద్రాల వారి ఓర్పును ఎంత పొగిడినా తక్కువే. బ్యాటరీ నిలవడం లేదని ఫోను చేసిన ప్రతివారికీ (ఆ ఫోను చేయడానికీ బ్యాటరీ ఖర్చయిందన్నది వేరే సంగతి) వారు ఒకే రకమైన చికిత్సను, ఒకే రకమైన మర్యాదతో చెబుతారు. తెర వెలుగు తగ్గించమంటారు. తెర సెకనుకు ఎన్నిసార్లు తాజా కావాలో చెప్పే 120 హెర్ట్జ్‌ను 60కి దించమంటారు. 5జీ ఆపి 4జీలో ఉండమంటారు. లొకేషన్ ఆపమంటారు. బ్లూటూత్ ఆపమంటారు. తెర ఆరినా గడియారం కనిపించే ఏర్పాటును ఆపమంటారు. వెనక నడిచే యాప్‌లను కట్టడి చేయమంటారు. పవర్ సేవింగ్ మోడ్‌లో పెట్టమంటారు. ఇవన్నీ చేసి చూడండి, బ్యాటరీ నిజంగానే నిలుస్తుంది, అందులో మోసమేమీ లేదు. కాకపోతే ఆపమన్న వాటి జాబితాను, కొనేటప్పుడు ప్రకటనలో చదివిన విశేషాల జాబితాను పక్కపక్కన పెట్టుకుని చూస్తే, రెండింటినీ ఒకే ఉద్యోగి తయారుచేశాడేమోనన్న సందేహం వస్తుంది. 120 హెర్ట్జ్ తెర కోసం ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది, 60కి దించుకునే స్వేచ్ఛ కోసం. 5జీ కొన్నది, దాన్ని వదులుకోవడంలోని తృప్తి కోసం. లేని దాన్ని వదులుకోవడం త్యాగం అనిపించుకోదు కనుక, ముందు కొని తరువాత ఆపడమే పద్ధతి.

ఈ చికిత్సలతో కుదరకపోతే ‘ఫోను మీ అలవాట్లను నేర్చుకుంటోంది, కొన్నాళ్లు ఆగండి’ అన్న మాట వస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు. ఫోను కొత్తలో పాత ఫోటోలన్నిటినీ తిరగేసి వర్గీకరించుకుంటుంది, యాప్‌లను తిరిగి దింపుకుంటుంది, వచ్చిన అప్‌డేట్లన్నీ ఎక్కించుకుంటుంది. ఆ పనులు తెమిలే దాకా వేడెక్కడం, త్వరగా ఖాళీ కావడం మామూలే. మనం అరుదుగా తెరిచే యాప్‌లను గుర్తుపట్టి వాటికి కళ్లెం వేసే అడాప్టివ్ బ్యాటరీ అన్న ఏర్పాటు 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చింది. విద్యార్థి తెలివైనవాడే, ఆలస్యం మన వైపు నుంచే. అది మన అలవాట్లను నేర్చుకునేలోగా, అది చాలదని మనమే అలవాట్లు మార్చుకుంటాం. మధ్యాహ్నం దాటితే ఫోటోలు తీయడం మానేస్తాం, ప్లగ్గు ఉన్న గోడ పక్కనే కూర్చుంటాం. ఎవరు ఎవరికి పాఠం చెప్పారో తేలేసరికి ఫోను వెనక్కిచ్చే గడువు ముగుస్తుంది. ఈ రెండు కాలాలూ అంత చక్కగా కలిసిరావడం కాకతాళీయమని నమ్మగలిగినవారు ధన్యులు.

స్నేహితుల సలహాలు ఉచితం కనుక వాటిని ఎక్కువసేపు విచారించనక్కర్లేదు. కొత్త ఫోనును మొదట ఎనిమిది గంటలు చార్జి చేయాలన్నది నికెల్ బ్యాటరీల కాలం నుంచి వారసత్వంగా వచ్చిన ఆచారం. లిథియం అయాన్‌కు ఆ క్రతువుతో పని లేదు. నెలకోసారి పూర్తిగా ఆరిపోనిస్తే మంచిదన్న మాట దానికి మేలు చేయకపోగా చెరుపు చేస్తుంది. యాప్‌లను ఒక్కొక్కటిగా పైకి తోసి మూసేస్తే బ్యాటరీ మిగులుతుందన్నది మూడోది. మూసిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చవుతుంది గానీ, వేలికి వ్యాయామం కనుక కొనసాగించదలచినవారిని ఆపను.

సలహాల్లో శాస్త్రసమ్మతమైనది ఒకటుంది, అన్నిటికన్నా అదే ముచ్చటైనది. బ్యాటరీని ఇరవై శాతానికి దిగనివ్వకుండా, ఎనభై దాటనివ్వకుండా వాడితే ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. నిండుగా చార్జి అయి ఉన్నప్పటి అధిక వోల్టేజీ, దానికి వేడి తోడుకావడం లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. ఇప్పుడు చాలా ఫోన్లు ఎనభై దగ్గర చార్జింగును తామే ఆపే సదుపాయాన్ని గర్వంగా ఇస్తున్నాయి. కొన్నది వంద, వాడదగినది అరవై. మిగిలిన నలభైకీ డబ్బు కట్టించుకున్నారు, దాన్ని తాకవద్దని మన మేలు కోరి చెబుతున్నారు. బ్యాటరీ రోజంతా రావాలంటే పూర్తిగా నింపాలి, ఏళ్ల తరబడి రావాలంటే నింపకూడదు. ఈ రెండు కోరికలూ ఒకే మనిషికి ఉండటం సంస్థల తప్పు కాదు గదా.

ఈ సమస్యకు పరిశ్రమ కనిపెట్టిన సమాధానం మాత్రం మెచ్చదగినది. ఎక్కువసేపు నిలిచే బ్యాటరీని చేయడం కష్టం కనుక, త్వరగా నిండే బ్యాటరీని చేశారు. ఎంత త్వరగా అయిపోయిందన్నది కాక, ఎంత త్వరగా నిండిందన్నది ఇప్పుడు గొప్ప. అయితే ఆ వేగం ఎనభై శాతం దాకానే, ఆపైన బ్యాటరీని కాపాడుకోవడానికి కరెంటు తగ్గించక తప్పదు. ఆ వేగానికి కావలసిన చార్జరు పెట్టెలో లేకపోవచ్చునన్నది ఇంకొక విశేషం. 2020 అక్టోబరులో ఆపిల్ సంస్థ పర్యావరణం పేరు చెప్పి ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జరును తీసేసింది. భూగోళాన్ని కాపాడే ఈ అవకాశాన్ని తరువాత మరికొన్ని సంస్థలూ అందిపుచ్చుకున్నాయి. చార్జరు విడిగా, మరో పెట్టెలో, మరో రవాణాలో వస్తుంది కనుక భూగోళానికి ఒరిగిందేమిటో నాకు అంతుపట్టదు.

అలా పవర్ బ్యాంకు దగ్గరికి వస్తాం. ఫోనును అర మిల్లీమీటరు సన్నం చేయడానికి ఇంజినీర్లు రాత్రింబవళ్లు తలబద్దలు కొట్టుకుంటారు. కొన్నవారు ఆ సన్నటి ఫోనుకు మందపాటి తొడుగు వేసి, పక్కన అంతకు రెండింతల మందమున్న పవర్ బ్యాంకును తీగతో కట్టి మోస్తారు. ఆ అర మిల్లీమీటరు బ్యాటరీకే వదిలి ఉంటే పోయేదని ఎవరైనా అంటే వారికి సౌందర్యదృష్టి లేదని అర్థం. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5000 ఎంఏహెచ్ ఫోనును రెండుసార్లు నింపుతుందనుకోవడం కూడా అమాయకత్వమే. వోల్టేజీ మార్పిడిలో, వేడిలో చెప్పుకోదగినంత కరిగిపోతుంది. విమానాల్లో మాత్రం దీనికి దక్కే గౌరవం మరి దేనికీ లేదు. దీన్ని విమానసంస్థకు అప్పగించే సామాన్లలో వేయనివ్వరు, వెంట కూర్చోబెట్టుకోవాలి. వంద వాట్-అవర్లు దాటితే విమానసంస్థ అనుమతి కూడా తీసుకోవాలి.

ఇంత సామరస్యంగా సాగుతున్న వ్యవహారంలో ప్రభుత్వాలు తలదూర్చడమే బాధాకరం. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా వాటి వేగాన్ని తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంటే, ఆ సంగతి కొన్నవారికి ముందే ఎందుకు చెప్పలేదని 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. గుట్టుగా చేసిన మేలుకు ఇదీ ప్రతిఫలం. ఐరోపా సమాఖ్య మరింత ముందుకు పోయి, 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త మోడలు మీద ఒక లేబుల్ ఉండాలనీ, ఒక చార్జికి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు వస్తుందో అందులో చెప్పాలనీ, 800 సార్లు చార్జి చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలనీ నియమం పెట్టింది. అందరూ ఒకే పద్ధతిలో కొలవాలట. ఎవరి ఫోనును వారు తమకు నచ్చిన వెలుతురులో, నచ్చిన వీడియోతో కొలుచుకునే ప్రాథమిక స్వాతంత్ర్యం ఒక ఖండమంతటా ఇలా హరించుకుపోయింది.

కనుక పరిస్థితి మరింత విషమించకముందే తయారీ సంస్థలకు ఒక మోడలును ప్రతిపాదిస్తున్నాను. సేవా కేంద్రం వారు ఎలాగూ ఆపించేవన్నీ ఫ్యాక్టరీలోనే ఆపేసి అమ్మాలి. 5జీ, లొకేషన్, బ్లూటూత్, 120 హెర్ట్జ్, ఇవన్నీ ఫోనులో ఉంటాయి, కాని నిద్రలో ఉంటాయి. కొన్నవారు సెట్టింగుల్లో గంటలకొద్దీ వెతుక్కునే శ్రమ తప్పుతుంది కనుక ధర కొంచెం పెంచినా ఎవరూ కాదనరు. దీనికి పైమెట్టుగా శాశ్వత ఎయిర్‌ప్లేన్ మోడ్‌తో ‘ప్రో’ మోడలును, తెర కూడా వెలగని ‘అల్ట్రా’ మోడలును తేవచ్చు. అల్ట్రా బ్యాటరీ వారాలు కాదు, నెలలు వస్తుంది, ఏ దేశపు లేబులుకైనా ఎదురు నిలుస్తుంది. వారంటీ పత్రంలో ఒక్క షరతు చేర్చితే చాలు: పెట్టె తెరిచే సమయంలో పొరపాటున ఫోను ఆన్ అయితే అందుకు సంస్థ బాధ్యత వహించదు.