ఆ 30 ఎందుకు చెరిపేశారు?

దూడ పారుకుంటోందా, సూది వేసెయ్. పందిపిల్లలకి విరేచనాలా, గుంపు మొత్తానికి దాణాలో యాంటీబయాటిక్ కలిపెయ్. ఇది చాలా దేశాల్లో జరుగుతున్నదే, అందరికీ తెలిసిందే. కానీ దీన్ని తగ్గిస్తామని ఐక్యరాజ్యసమితిలో కూర్చుని మాటిచ్చిన దేశాలు ఆ మాటలోంచి అంకెనే పీకేశాయి చూడండి, మా కోపం దాని మీద. 2024 సెప్టెంబర్ డిక్లరేషన్ తొలి డ్రాఫ్ట్‌లో వ్యవసాయం, పశుపోషణల్లో వాడే ఈ మందుల్ని 2030 కల్లా 30 శాతం తగ్గించాలని ఉంది. ఫైనల్ కాపీ వచ్చేసరికి 30 లేదు, చెప్పుకోదగ్గంతగా తగ్గించే ప్రయత్నం చేస్తాం అని మాత్రం మిగిలింది. అదే కాయితంలో, యాంటీబయాటిక్స్ వాడీ వాడీ వాటికి లొంగకుండా తయారైన మొండి బ్యాక్టీరియా వల్ల పోయే మనుషుల ప్రాణాల విషయంలో మాత్రం చావుల్ని 10 శాతం తగ్గిస్తామని అంకె వేసి మరీ రాశారు. మనిషికి అంకె ఉంది, పశువుకి లేదు, మందులు చూస్తే చాలావరకు రెండు చోట్లా అవే.

పారుడు అంటే ఒక జబ్బు కాదు. పుట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో వస్తే ఎక్కువగా ఈ-కొలై బ్యాక్టీరియా, వారం దాటాక వస్తే రోటా వైరసో, పశువులకొచ్చే కరోనా వైరసో, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవో అయ్యే అవకాశం ఎక్కువ. వైరస్ పేగు లోపలి పొరని కొట్టేస్తుంది, తాగిన పాలు అరగవు, ఒంట్లో నీళ్లన్నీ బయటికి పోతాయి. దాని మీద యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. పది రోజుల దూడని దగ్గర కూర్చుని చూడండి, కళ్లు గుంటల్లోకి పోయుంటాయి, మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే మడత అలాగే నిలబడిపోతుంది, నోట్లో వేలు పెడితే చల్లగా తగులుతుంది, చీకే ఓపిక కూడా ఉండదు. అది చచ్చిపోయేది నీళ్లు, ఉప్పులు పోయి రక్తంలో ఆమ్లం పెరిగి. దానికి కావాల్సింది ఉప్పులు కలిపిన నీళ్లు, మరీ నీరసపడితే సెలైన్, వాటితోపాటు పాలు ఆపకుండా పట్టడం. జ్వరం వచ్చి బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కిందని డాక్టర్ అంటే అప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే, ఎవరూ కాదనట్లేదు. కుక్కపిల్లలకి వచ్చే పార్వో కూడా వైరసే, 1978లో ప్రపంచమంతా పాకింది, కానీ అక్కడ పేగు గోడ చిట్లి తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి లోపలికి దూరే బ్యాక్టీరియా కోసం మందు ఇవ్వడంలో అర్థం ఉంది. అర్థం ఉన్న చోట ఇవ్వండి, అర్థం లేని చోట కూడా అలవాటుగా గుచ్చుకుంటూ పోతే ఎలా?

మందులు తగ్గిస్తే పిల్లలు చస్తాయి, రైతు మునుగుతాడు అంటారు. డెన్మార్క్‌లో దాణా యాంటీబయాటిక్స్ ఆపిన కొత్తలో పాలు మాన్పించిన పందిపిల్లల్లో పారుడు పెరిగిన మాట నిజమే. అయినా మొత్తం వాడకం అంతకుముందు కంటే బాగా కిందికి దిగింది, అక్కడ పందుల పెంపకమూ ఆగిపోలేదు. అసలు మూడు నాలుగు వారాలకే తల్లి దగ్గర్నుంచి లాగేసి, గుంపులో పడేసి, దాణా మార్చేసి, ఆ తర్వాత పేగు పాడైందని మందు పోస్తున్నారు, అది జబ్బుకి పోస్తున్న మందా, తొందరకి పోస్తున్న మందా?

దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో జబ్బుల్ని ఎదుర్కొనే రక్షణ దాదాపు సున్నా, అది జున్నుపాల నుంచే రావాలి. జున్నుపాలు మొదటి ఆరు గంటల్లో కడుపునిండా పట్టాలి, 24 గంటలు దాటితే పేగు ఆ రక్షణని రక్తంలోకి తీసుకోదు. చూలుతో ఉన్నప్పుడే తల్లికి టీకా, పుట్టగానే జున్నుపాలు, పొడిగా ఉన్న పక్క, శుభ్రంగా కడిగిన పాల బకెట్. వీటికి ఏ దేశం ఒప్పందమూ అడ్డం కాదు.

అంకె లేకపోతే ఏమవుతుందో కొలిస్టిన్ చూపించింది. మనుషుల్లో ఇంకే మందూ పనిచేయనప్పుడు ఇచ్చే మందు అది, దాన్ని పందుల దాణాలో టన్నులకి టన్నులు కలిపారు. 2015 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్తలు దాన్ని ఓడించే ఎంసీఆర్-1 అనే జన్యువుని పందుల్లో, పచ్చి మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా చూశామని ప్రకటించారు, పైగా అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకే రకం. తర్వాత చైనా దాణాలో కొలిస్టిన్ ఆపింది, ఆపాక అక్కడ ఆ జన్యువు తగ్గినట్టు లెక్కలూ వచ్చాయి. భారత్ 2019లో ఆహార పశువులకి దాన్ని నిషేధించింది. 2022 జనవరి 28 నుంచి యూరోపియన్ యూనియన్ పశువులకి రొటీన్‌గా యాంటీబయాటిక్స్ వాడటాన్నే ఆపేసింది. అంటే ఆపడం చేతకాక కాదు. చేతనవుతుందని తెలిసీ అంకె తీసేశారు.

రేపు ఇంకో ఒప్పందం వస్తుంది, అందులో కూడా ఎవరో ఒకరు పోయినసారి తీసేశాంగా అంటారు, మా భయం అదే. 2019లో మొండి బ్యాక్టీరియాతో ముడిపడిన చావులు దాదాపు 50 లక్షలు. వాళ్ల పేరు మీద 10 శాతం రాసి, అదే కాయితంలో 30 కొట్టేసిన ప్రభుత్వాలు ముందు ఆ 30 తిరిగి రాయాలి. తమ దేశంలో పశువులకి ఏ యాంటీబయాటిక్ ఎన్ని టన్నులు అమ్ముడైందో ప్రతి ఏటా బయటపెట్టాలి. అది కూడా చెయ్యలేకపోతే మనుషుల చావుల గురించి ఆ వేదిక మీద మాట్లాడే హక్కు మీకు ఎవరిచ్చారు?